ఇల్లంతా కలిసి నాలుగు ఆదివారాలు

మా ఇంట్లో అయిదుగురం. మా వారిది గుంటూరులో చిన్న టైలరింగ్ షాపు. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. అమ్మాయి పోయిన ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం చదివేది, అబ్బాయి ఎనిమిదో తరగతి. అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్లు రెండూ అరిగిపోయి కర్ర పట్టుకుని నడుస్తారు. ఒకే కప్పు కింద ఉంటున్నాం కాబట్టి కలిసే ఉంటున్నామని నేననుకునేదాన్ని. ఒకరోజు అబ్బాయి నోటుబుక్కు తిరగేస్తుంటే 'మా కుటుంబం' అనే వ్యాసంలో ఒక వాక్యం కనిపించింది. "మా ఇంట్లో అందరం కూర్చుని ఒకేసారి తినేది రంజాన్ నెలలో మాత్రమే" అని రాశాడు. వాళ్ల టీచరు ఎర్ర సిరాతో పక్కన టిక్కు పెట్టింది. తప్పేమీ లేదు మరి. వాడు రాసింది నిజమే.

అమ్మాయి పొద్దున ఆరున్నరకు కాలేజీ బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. ఆదివారం కూడా పదింటికి పరీక్ష ఉండేది. మా వారు షాపు మూసి వచ్చేసరికి రాత్రి పదిన్నర. నేను బడి నుంచి వచ్చి వంట చేసి, ఎవరు ఎప్పుడొస్తే వాళ్లకు వడ్డిస్తూ ఉండేదాన్ని. అత్తమ్మ ఎనిమిదింటికే తిని పడుకునేవారు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్లు ఇంతకు వేరుగా ఉండవు. ఆటో నడిపేవారు, చికెన్ కొట్టు పెట్టుకున్నవారు, ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే అమ్మాయిలు, మిరప యార్డులో కాంటాల దగ్గర పనిచేసేవారు, వీరందరికీ క్యాలెండర్‌లో ఎర్ర అంకె ఉన్నంత మాత్రాన సెలవు దొరకదు. అలాంటి ఇళ్లు శరత్కాలంలో కలిసి బయటికి ఎలా వెళ్లగలవో, ఎక్కడికి వెళ్తే బాగుంటుందో, మేము తప్పు చేసి నేర్చుకున్నది ఇక్కడ చెబుతాను.

ఈ రెండు నెలలే ఎందుకు

మన గుంటూరులో ఏడాది మొత్తం మీద బయట తిరగదగ్గ రోజులు తక్కువే. మార్చి నుంచి జూన్ దాకా ఎండ సంగతి చెప్పక్కర్లేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వాన ఎప్పుడొచ్చి పడుతుందో తెలియదు. సంక్రాంతి దాటితే మిరప యార్డు నిండిపోతుంది, ఆ వెంటే పిల్లలకు పరీక్షలు. మిగిలేవి ఆశ్వయుజం, కార్తీకం, అంటే దాదాపుగా అక్టోబరు, నవంబరు నెలలు. నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా మన ప్రాంతం నుంచి వెనక్కి మళ్లుతాయి. వానలకు గాలిలోని దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది. చెరువులు నిండి ఉంటాయి. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది గాని, తెల్లవారుజామున వొంటికి హాయిగా ఉంటుంది. దసరా సెలవులు కూడా అప్పుడే. నీళ్లు, పక్షులు, సీతాఫలాలు, మబ్బు లేని ఆకాశం, ఈ నాలుగూ ఈ రెండు నెలల్లో మన ఊరి చుట్టూనే దొరుకుతాయి. పెద్ద ఖర్చు కూడా ఉండదు.

అయితే టైలర్ ఇంట్లో చిక్కు వేరే ఉంది. దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి, ఈ నాలుగు నెలలే మాకు సీజను. "పండగలు అందరికీ సెలవు, మనకు పని" అంటారు మా వారు. ఆ మాటలో విసుగు లేదు, ఆ నాలుగు నెలల కుట్టుపనే మిగతా ఎనిమిది నెలలు ఇల్లు నడుపుతుంది. కాబట్టి రోజంతా షాపు మూయడమన్నది మా లెక్కలో లేదు. లెక్కలో లేని పని ఒక్కసారి చేశాం. దాని సంగతే ముందు చెప్పాలి.

సాగర్ దాకా వెళ్లి వెనక్కి

మూడేళ్ల కిందట నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించారు. అబ్బాయి పట్టుబట్టాడు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము, 26 క్రస్ట్ గేట్ల మీద నుంచి నీళ్లు దూకుతుంటే చూడాలని నాకూ ఉంది. అత్తమ్మకైతే మరీనూ. ఆమె పుట్టిల్లు కృష్ణా డెల్టాలోనే, కృష్ణమ్మ పేరెత్తితే ఆమె ముఖం మారుతుంది. కారు మాట్లాడుకున్నాం. తెల్లవారి ఆరింటికి బయల్దేరాలని అనుకున్నాం. ఇవ్వాల్సిన జాకెట్లు ఇంకో నాలుగు ఉన్నాయని మా వారు షాపుకు వెళ్లి వచ్చేసరికి పది దాటింది. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా సాగర్ దాదాపు 140 కిలోమీటర్లు. దారిలో అబ్బాయికి వాంతులు. అమ్మాయి వెనక సీట్లో ఫిజిక్స్ పుస్తకం తెరిచి పెట్టుకుంది. మూడింటికి చేరాం. గేట్లు ఎత్తిన రోజు రాష్ట్రంలో సగం మంది అక్కడే ఉంటారు. బండ్లు చాలా దూరంలోనే ఆపేశారు. అక్కడి నుంచి నడవాలి. అత్తమ్మ ముప్పై అడుగులు వేసి, కర్ర మీద వాలి నిలబడిపోయారు. "మీరు వెళ్లి చూసి రండి, నేను కారులో కూర్చుంటాను" అన్నారు. ఆ జనంలో ఆమెను ఒంటరిగా వదిలి వెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదు. నాలుగున్నరకు కారు వెనక్కి తిప్పాం. నీటి చప్పుడు విన్నాం, నీళ్లు మాత్రం చూడలేదు.

తిరుగుదారిలో పిడుగురాళ్లలో టీ తాగడానికి ఆగినప్పుడు మా వారు అనకూడని మాట ఒకటి అన్నారు. పెద్ద మాట కాదు. "ఇంత ఖర్చు పెట్టి..." అని మధ్యలో ఆపేశారు. అత్తమ్మ విన్నారు. ఆ తర్వాత రెండేళ్లు ఆమె ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. పెళ్లిళ్లకు పిలిచినా "నేనొస్తే మీకు ఇబ్బంది" అనేవారు. కోపం చూపించి ఉంటే సర్ది చెప్పుకునేవాళ్లం. నవ్వుతూ అనేవారు కాబట్టి మాకు దారి దొరకలేదు.

ఆ రోజు చెడింది సాగర్ వల్ల కాదు. దూరం ఎక్కువ, బయల్దేరింది ఆలస్యం, వెళ్లింది జనం పోటెత్తిన రోజు, ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి గురించి ముందుగా ఎవరూ ఆలోచించలేదు. ఏడాదికి ఒక్కసారి వెళ్తున్నాం కదా అని ఆ ఒక్క రోజు మీదే ఆశలన్నీ పెట్టేశాం. ఏదైనా పాడైతే మళ్లీ ఏడాది దాకా సరిచేసుకునే వీలు లేకుండా చేసుకున్నాం.

ఎవరివీ కాని నాలుగు గంటలు

పోయిన ఏడాది దసరా ముందు అమ్మాయే లెక్క వేసింది. వచ్చే ఏడాది తను హాస్టల్లో ఉంటుంది. షాపు తెరిచేది పదింటికి, తన పరీక్ష పదింటికి. ఫజర్ నమాజు ముగిసి అయిదున్నరకు బయల్దేరితే తొమ్మిదిన్నర దాకా నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు షాపువీ కావు, కాలేజీవీ కావు. మామూలుగా మేము నిద్రపోయే గంటలు. "నాలుగు ఆదివారాలు నిద్ర మానుకుందాం, పోయేదేముంది" అంది. అక్టోబరు మధ్యలో మనకు సూర్యోదయం ఆరు ప్రాంతంలో అవుతుంది. రోడ్లు ఖాళీ, ఎండ ఉండదు, పెద్దవాళ్లకు ఆయాసం రాదు. ఆర్డరు బట్టలు శనివారం రాత్రే ఇచ్చేయాలని మా వారికి షరతు పెట్టాం. ఆయన రెండు శనివారాలు పన్నెండున్నర దాకా మిషను తొక్కారు, అదీ చెప్పాలి.

మొదటి ఆదివారం ఉప్పలపాడు వెళ్లాం. గుంటూరుకు పది కిలోమీటర్ల లోపే. పెదకాకాని మండలంలోని ఆ ఊరి చెరువులో చెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వేల సంఖ్యలో ఉంటాయి. గుంటూరులో పుట్టి పెరిగి ఉప్పలపాడు చూడనివాళ్లు ఎంతమందో. నేనూ అంతవరకూ చూడలేదు. ఆటోలో వెళ్లాం. అత్తమ్మ రానన్నారు, బలవంతం చేయలేదు. ఆమె సీటు ఖాళీగా ఉందని పక్కింటి పాపను ఎక్కించుకున్నాం. వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆదివారం పని ఉంటే పాప ఇంట్లో ఒంటరిగా తలుపు గడియ పెట్టుకుని ఉంటుంది. తర్వాత మూడు ఆదివారాలూ ఆ పాప మాతోనే ఉంది.

ఈ పక్షుల గురించి మన దగ్గర ఒక అపోహ ఉంది. అన్నిటినీ కలిపి 'సైబీరియా కొంగలు' అనేస్తాం. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు సైబీరియా నుంచి రావు. ఇవి మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ ఉంటాయి. వానలు వెనక్కి పట్టే రోజులకు మన చెరువులు, కాలువలు, పొలాలు నిండి చేపలు, నత్తలు పుష్కలంగా ఉంటాయి. పిల్లలను సాకాలంటే అదే అదను. అందుకే ఈ నెలల్లో గూళ్లు కట్టడం మొదలుపెట్టి, ఎండలు ముదిరేలోగా పిల్లలకు రెక్కలొచ్చేలా చూసుకుంటాయి. చెరువు నడుమనున్న చెట్లనే ఎంచుకోవడానికీ కారణం ఉంది. చుట్టూ నీళ్లుంటే పిల్లులు, కుక్కలు గూటి దాకా రాలేవు.

కళ్లు పెట్టి చూస్తే ఒక్కోదాని ముక్కు ఒక్కో పనిముట్టు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్త జారిపోకుండా పట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఎర్రకాళ్ల కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తుంది, చేప తగలగానే మూసేస్తుంది, కంటితో చూడాల్సిన పని లేదు. పెలికాన్ పిల్ల ఆకలేస్తే తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. అది చూసి అబ్బాయి "అమ్మీ, నువ్వు ఫ్రిజ్ తలుపు తీస్తే అక్క ఇలాగే చేస్తుంది" అన్నాడు. అక్కాతమ్ముళ్లు పోట్లాడుకోకుండా నవ్వుకోవడం చూసి ఎన్నాళ్లయిందో.

వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. తెల్లవారుజామునైనా వెళ్లండి, లేదా సాయంత్రం అసర్ తర్వాతైనా వెళ్లండి. పగటిపూట సగం పక్షులు మేతకు పోతాయి. టపాకాయలు, పాటల పెట్టెలు, డ్రోన్లు వద్దు. పక్షి ఉలిక్కిపడి ఎగిరితే గుడ్డు కిందపడుతుంది, లేదా గూటిలో పిల్ల కాకుల పాలవుతుంది. ఈ పక్షులను ఇన్నేళ్లుగా కాపాడుకుంటూ వచ్చింది ఆ ఊరివాళ్లే. రెట్టల వాసనను, చప్పుడును వాళ్లు భరిస్తున్నారు. మనం రెండు గంటలు మర్యాదగా ఉండలేమా.

గంపెడు షరీఫాలు

రెండో ఆదివారం కొండవీడు. ఇది కాస్త దూరం, కారు తీసుకున్నాం. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు రాజధాని చేసుకున్న కోట, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైంది, ఆ తర్వాత గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో దీన్ని ముర్తజానగర్ అన్నారు. ఇప్పుడు కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది. పైన చెరువులు వానలకు నిండి ఉంటాయి. గోడలు, బురుజులు చూడటానికి గంటన్నర చాలు. ఇంకా బాగా రాయగలిగినవాళ్లు కోట గురించి చాలా రాశారు, నేను ఆగను. అత్తమ్మ ఆ వారమూ రాలేదు.

దిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటే ఒక గంప మొత్తం కొన్నాం. బేరం నేనే చేశాను, మోసపోయింది కూడా నేనే. పైన నాలుగు మాత్రమే మంచివి, కింద అన్నీ రాళ్లలా గట్టివి. ఇంటికి తెచ్చి వరండాలో చాపమీద పోశాను. "ఇవి పండేవి కావు" అని నేను విసుక్కుంటుంటే అత్తమ్మ గదిలోంచి కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆమె వీటిని షరీఫాలంటారు. ఒక్కో కాయ చేతిలోకి తీసుకుని, పిల్లలిద్దరికీ, పక్కింటి పాపకూ చూపించడం మొదలుపెట్టారు.

సీతాఫలం పండేదో కాదో దాని కళ్లు చెబుతాయి. కాయ ముదిరేకొద్దీ పైనున్న కళ్లు ఒకదానికొకటి ఎడమవుతాయి, నడుమ గాళ్లు లేత పసుపురంగుకు తిరుగుతాయి. అలా విచ్చుకున్న కాయ కోస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. కళ్లు దగ్గరగా, ఆకుపచ్చగా ఉండగానే తెంపిన కాయ ఎన్నాళ్లుంచినా నల్లబడి ఎండిపోతుందే గాని పండదు. బియ్యం డబ్బాలో పెట్టినా, కాగితంలో చుట్టినా ముదిరిన కాయకే లాభం. ఈ పాఠం నాకు డి.ఎడ్‌లో ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ ఆ గంపను మూడు కుప్పలు చేశారు. రేపటివి, బుధవారంవి, మేకకు వేసేవి. పిల్లలు బాల్‌పెన్నుతో కాగితం ముక్కల మీద రోజు రాసి ఒక్కో కాయ కింద పెట్టి పందెం వేసుకున్నారు. బుధవారం రాత్రి పదిన్నరకు మా వారు షాపు నుంచి వచ్చేసరికి అత్తమ్మ సహా అందరం మేలుకుని ఉన్నాం. ఎవరి కాయ పండిందో చూడాలి కదా. అత్తమ్మ రాసి పెట్టించిన వాటిలో ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా ఆ రోజుకే పండాయి.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. పేలు పోతాయని సీతాఫలం గింజలు నూరి తలకు పట్టించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ గింజల పొడి కంట్లో పడితే కన్ను తీవ్రంగా వాచి, నల్లగుడ్డు దెబ్బతినే ప్రమాదం ఉంది. గింజలు చెత్తలో వేయండి, తలకు మాత్రం వద్దు.

అత్తమ్మ వచ్చిన ఆదివారం

శుక్రవారం రాత్రి అమ్మాయి వెళ్లి దాదీ పక్కన పడుకుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పొద్దున "మీరు ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చుంటాను, నడవమనొద్దు" అన్నారు అత్తమ్మ. ఆమె వస్తానన్నారు కాబట్టి ఈసారి ఆమె చుట్టూనే అన్నీ సిద్ధం చేశాం. మడత కుర్చీ ఒకటి. బీపీ మాత్ర వేసుకున్నాక ఆమెకు రెండు గంటల్లోపు బాత్రూమ్ కావాలి, అందుకని మాత్ర వేళ మార్చవచ్చా అని డాక్టరుగారిని ముందే అడిగాం. తిరిగొచ్చాక వేసుకోవచ్చన్నారు. దారిలో శుభ్రమైన బాత్రూమ్ ఉన్న పెట్రోల్ బంకు ఏదో మా వారు శనివారమే కనుక్కున్నారు. ఆడవాళ్లున్న ఏ ఇంటికైనా విహారం అంటే సగం ఈ బాత్రూమ్ లెక్కే. దాన్ని సిగ్గుపడి ఎవరూ పైకి అనరు, అందుకే ముసలివాళ్లు నీళ్లు తాగకుండా బయల్దేరతారు, కళ్లు తిరిగి పడతారు.

వెళ్లింది ప్రకాశం బ్యారేజీకి. మా ఇంటి నుంచి గంట లోపు. సాగర్‌లో చూడలేకపోయిన కృష్ణే ఇక్కడా ఉంది, నూరు కిలోమీటర్లు ఇంటికి దగ్గరగా. ఈసారి రోజు ఎంచుకోవడం పిల్లలు నేర్చుకున్నారు. పేపర్లో శ్రీశైలం, సాగర్, పులిచింతల ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు రోజూ వేస్తారు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590 అడుగులు. పై రెండూ నిండి పులిచింతలకు వదిలారంటే, ఆ నీళ్లు బ్యారేజీకి వస్తున్నట్టే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. నీళ్ల క్యాన్ల లెక్కన చెబితే సెకనుకు లక్షా నలభై వేల క్యాన్లు. ఇది చెప్పాక అబ్బాయి ఆ అంకెలు క్రికెట్ స్కోరులా చదవడం మొదలుపెట్టాడు. వరద జోరుగా ఉన్న రోజు బ్యారేజీ మీద జనం, పోలీసులు. వరద తగ్గి, గేట్లు దించి, 12 అడుగుల నీటిమట్టం నిలిపిన రోజున వెళ్తే నది నిండుగా ఉంటుంది, గట్టు ఖాళీగా ఉంటుంది.

సీతానగరం వైపు నీడ చూసి కుర్చీ వేశాం. అత్తమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ 1855లో ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో ఈ బ్యారేజీ 1957 డిసెంబరులో మొదలైంది, అప్పటికి ఆమె నాలుగేళ్ల పిల్ల. ఇక్కడి నుంచే పడమటి కాలువ దుగ్గిరాల, తెనాలి వైపు పోతుంది. ఆమె తండ్రి దుగ్గిరాలలో పసుపు బస్తాలు కాలువ పడవల మీదికి ఎక్కించే కూలి. ఈ సంగతి పాతికేళ్ల కాపురంలో నేనెప్పుడూ వినలేదు, మా వారికీ సగమే తెలుసు. ఒకసారి తండ్రి తనను పడవలో కూర్చోబెట్టుకుని వస్తుంటే లాకుల దగ్గర పడవ దానంతటదే పైకి లేచిందని, భయంతో తండ్రి లుంగీ పట్టుకుని ఏడ్చానని చెప్పారు.

"పడవ పైకి లేవడమేంటి దాదీ" అని అబ్బాయి నవ్వాడు. అప్పుడు అమ్మాయి ఇసుకలో పుల్లతో బొమ్మ గీసి చెప్పింది. కాలువలో నీటిమట్టం ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటుంది. ఆ రెంటి నడుమ తొట్టిలాంటి గది కట్టి, రెండు వైపులా తలుపులు పెడతారు. పల్లం వైపు నుంచి పడవ గదిలోకి రాగానే వెనక తలుపు మూసి, ఎగువ నీటిని కొద్దికొద్దిగా వదులుతారు. గది నిండేకొద్దీ పడవ లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపు తెరుస్తారు. రెండేళ్లుగా రాత్రింబవళ్లు బట్టీ పట్టిన ఫిజిక్స్‌ను ఆ పిల్ల ఇంకొకరికి చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి. అత్తమ్మ ఆ బొమ్మను కర్రతో చూపిస్తూ "ఇదిగో, నేను ఏడ్చింది ఇక్కడ" అన్నారు.

తెచ్చుకున్న చపాతీలు, కైమా, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అక్కడే తిన్నాం. అయిదుగురం, పక్కింటి పాపతో ఆరుగురం. తొమ్మిది నలభైకి మా వారు షాపు తాళం తీశారు. కారుకు, పెట్రోలుకు, టీలకు కలిపి ఆ రోజు అయింది సాగర్ ప్రయాణానికి అయినదానిలో మూడో వంతు కూడా కాదు.

సముద్రం సంగతి, ఆకాశం సంగతి

నాలుగోదానికి పిల్లలు సూర్యలంక అన్నారు. నేను ఒప్పుకోలేదు. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. 1977 దివిసీమ ఉప్పెన నవంబరులోనే, హుద్‌హుద్ 2014 అక్టోబరులోనే. తుపాను లేని రోజుల్లో కూడా అల నీరు ఒడ్డుకు చేరి, తిరిగి ఒక సన్నని పాయగా లోపలికి లాక్కుపోతుంటుంది. ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా, నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి, పిల్లలు అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. వెళ్లేవాళ్లు గట్టున కూర్చుని రండి, దిగకండి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే అసలు వెళ్లకండి.

అందుకని నాలుగో ఆదివారం ఎక్కడికీ వెళ్లలేదు. ఆ రాత్రి కరెంటు పోయింది. ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో అత్తమ్మకు కుర్చీ, మాకు చాప. ఎనిమిదిన్నరకు తూర్పున చిన్న చుక్కల గుంపు ఒకటి పైకొచ్చింది. పెద్దలు పిల్లలకోడి అంటారు, పంచాంగంలో కృత్తిక, కార్తీక మాసానికి ఆ పేరు దాని వల్లే వచ్చింది. మామూలు కంటికి ఆరేడు చుక్కలు కనిపిస్తాయి, నిజానికి వందల్లో ఉన్నాయి. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు, అంటే ఇప్పుడు మన కంట పడుతున్న వెలుగు దాదాపుగా హైదరాబాద్ నగరం పుట్టిన 1591 ప్రాంతంలో బయల్దేరింది. "మా అమ్మ దాన్ని సురయ్యా అనేది" అన్నారు అత్తమ్మ. పక్కింటి పాప ఏడు దాకా లెక్కపెట్టింది. మాలో ఎవరికీ ఆరుకు మించి కనిపించలేదు. షాపు కరెంటు కూడా పోయిందని మా వారు తొందరగా ఇంటికొచ్చేశారు. వచ్చాక కరెంటు వచ్చింది, అయినా ఎవరం లోపలికి వెళ్లలేదు.

ఇప్పుడు అమ్మాయి వేరే ఊళ్లో హాస్టల్లో ఉంది. దసరా సెలవులకు నాలుగు రోజులే వస్తుంది. మా వారి సీజను మామూలే. ఈసారి ఉప్పలపాడుకు వెళ్లేటప్పుడు ఆటోలో ముందు సీటు తనదేనని అత్తమ్మ ముందే చెప్పేశారు, మడత కుర్చీ మంచం కింద నుంచి తీసి తుడిపించి పెట్టుకున్నారు. అమ్మాయి శనివారం రాత్రి దిగుతుంది. షరీఫాలు ఎప్పుడు కొనాలని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి, "గురువారం కొను, కళ్లు విచ్చుకున్నవే ఏరు, బేరం మాత్రం నువ్వు చేయకు" అన్నారు.